విదూషకుడే నాయకుడైన నాటిక

విదూషక లక్షణమును సోదాహరణముగ వివరింపుమను ప్రశ్న ప్రాచ్య కళాశాలల పరీక్షాపత్రములకు చిరపరిచితము. విద్యార్థులు వికృతమగు అంగము, వాక్కు, వేషము అను మూడింటిని వరుస తప్పక వ్రాయుదురు. వసంతక, గౌతమ, మాధవ్యుల పేర్లు చెప్పుదురు. భోజనప్రియత్వమును చేర్చి ముగింతురు. మార్కులు పడును. కాని వారిలో ఎందరు గౌతముని మాటకు ఒక్కసారియైనను నవ్వియుందురు? నవ్వించు పాత్రను నవ్వకుండ చదువుట, నవ్వింపకుండ పాఠము చెప్పుట తరగతిగదులలో ఆచారమైపోయినది. శృంగారమునకు గంటలు, హాస్యమునకు నిమిషములు దక్కుచున్నవి. హాస్యము నాటిక సిగలో తురిమిన పూవు అనియే బోధ. నాటిక నడచుటకు అదియే కాలు అని చెప్పువారు అరుదు.

ఈ లోపమును చూపుటకు హాలీవుడ్ నుండి ఒక చలనచిత్రమును సాక్ష్యముగ తెచ్చుట కొందరికి వింతగ తోచవచ్చును. శాస్త్రపత్రికలో సినిమా ప్రసక్తి యేమని నొసలు చిట్లించు పెద్దలు ఉండకపోరు. కాని నాట్యము సార్వవర్ణికమని భరతుడే చెప్పియుండగా, తెర మీద ఆడిన నాట్యమునకు వర్ణబహిష్కారము విధించుట ఏ శాస్త్రమో వారే చెప్పవలయును. పారమౌంట్ సంస్థ 1956లో విడుదల చేసిన ఆ చిత్రము పేరు ‘ది కోర్ట్ జెస్టర్’, అనగా ఆస్థాన విదూషకుడు. నార్మన్ పనామా, మెల్విన్ ఫ్రాంక్ అను ఇద్దరు దాని రచయితలు, దర్శకులు, నిర్మాతలు కూడ. విదూషక పాత్రను డానీ కే ధరించెను. పాటలను కూర్చినవారిలో ఒకరు అతని భార్య సిల్వియా ఫైన్. భర్త నాలుక ఎంత వేగముగ తిరుగగలదో ఆమెకు తెలిసినట్లు వేరొకరికి తెలియదు. నలువది లక్షల డాలర్ల వ్యయముతో తయారై, అప్పటి హాస్యచిత్రములన్నిటిలో మిక్కిలి ఖరీదైనదిగ పేరొందిన ఈ చిత్రమునకు మొదటి విడుదలలో పెట్టుబడి తిరిగి రాలేదు. తరువాతి తరముల వారు దానిని ఆదరించిరి. 2004లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో దానికి స్థానము లభించినది.

కథ మధ్యయుగపు ఇంగ్లండులో జరిగినట్లు కల్పించినది. రోడ్రిక్ అనువాడు రాజకుటుంబమును హతమార్చి సింహాసనమెక్కెను. ఒక పసికందు మాత్రము మిగిలెను. ఆ శిశువే రాజ్యమునకు నిజమైన వారసుడనుటకు గుర్తు, అతని పిరుదు మీద ఊదారంగు పింపర్నెల్ పువ్వు ఆకారమున నున్న పుట్టుమచ్చ. అడవిలో ‘నల్లనక్క’ అను మారుపేరు గల వీరుడు తిరుగుబాటుదారులకు నాయకుడై శిశువును కాపాడుచుండును. హ్యూబర్ట్ హాకిన్స్ అనువాడు ఒకప్పుడు సంతలలో వినోదము చూపి బ్రతికినవాడు. ఇప్పుడీ దళమున అతనికి అప్పగించిన పని శిశువును ఆడించుట. కత్తి పట్టవలెనని అతని కోరిక. దళములో కత్తి పట్టిన నాయకురాలు జీన్ అను యువతి. ఇద్దరును శిశువును సురక్షిత స్థానమునకు చేర్చుటకు బయలుదేరుదురు. దారిలో వర్షపు రాత్రి ఒక గుడిసెలో తలదాచుకొన్నప్పుడు వారి నడుమ అనురాగము మొలకెత్తును. అచ్చటనే రోడ్రిక్ ఆస్థానమునకు పోవుచున్న జియాకోమో అను ప్రసిద్ధ ఇటలీ విదూషకుడు తారసిల్లును. జీన్ వానిని ఒక్క దెబ్బతో మూర్ఛిల్లజేయగా హాకిన్స్ ఆ వేషము ధరించి కోటలో ప్రవేశించును. కోట లోపలికి గల రహస్య సొరంగపు తాళపుచెవిని సంపాదించుట అతని కార్యము.

ఇచ్చటి నుండి కథ చిక్కుపడు తీరు నాటికను చదివినవారికి పరిచితమే. జియాకోమో కేవలము విదూషకుడు కాడు, హంతకుడు. రేవన్‌హర్స్ట్ అను రాజోద్యోగి తన శత్రువులైన ముగ్గురు ప్రభువులను చంపించుటకు వానిని రప్పించుకొన్నాడు. హాకిన్స్‌కు ఆ సంగతి తెలియదు. రాజు తన కుమార్తె గ్వెండొలిన్‌ను గ్రిస్‌వోల్డ్ అను బలవంతునికిచ్చి పొత్తు కుదుర్చుకొనదలచును. ఆమెకు అది ఇష్టము లేదు. ఆమె చెలికత్తె, మంత్రగత్తెయునగు గ్రిసెల్డా, రాకుమారి కోరిన ప్రియుడు ఇతడేనని నమ్మించుటకై హాకిన్స్‌ను వశీకరించి ఆమె అంతఃపురమునకు పంపును. ఇట్లు ఒకే మనుష్యుడు రాజునకు వినోదకుడు, రేవన్‌హర్స్ట్‌కు హంతకుడు, రాకుమారికి ప్రియుడు, జీన్‌కు దూత. వీనిలో ఏ వేషము ఎప్పుడు తన మీద ఉన్నదో అతనికే తెలియదు. రత్నావళిలో సాగరిక వాసవదత్త వేషమున వచ్చునని వసంతకుడు ఏర్పాటు చేయగా, నిజమైన వాసవదత్తయే ముందు వచ్చుటయు, ఉదయనుడామెను సాగరికయని పలుకరించుటయు గుర్తుకు రాక మానవు. వేషము పన్నినవాని మీదికే వేషము తిరుగబడుట అచ్చటను ఇచ్చటను హాస్యమునకు మూలము.

ఇక వాక్కు సంగతి. ఈ చిత్రమును చూచినవారెల్లరు చెప్పుకొను ఘట్టము ద్వంద్వయుద్ధమునకు ముందరిది. గ్రిస్‌వోల్డ్‌తో హాకిన్స్ పోరాడక తప్పదు. పోరునకు ముందు ఇరువురును పానపాత్రలెత్తవలయును. గ్రిసెల్డా ఒకదానిలో విషపు గుళిక వేసి, ఏ పాత్రలో విషమున్నదో, ఏది నిర్దోషమో హాకిన్స్‌కు చెప్పును. ఆ పాత్రల పేర్లు, వాని మీది చిత్రముల పేర్లు ఒకదానికొకటి ప్రాస కలిసి నాలుకను తొట్రుపరచునవి. హాకిన్స్ వానిని తలక్రిందులుగ వల్లించి, తప్పి, దిద్దుకొని, ఎట్టకేలకు కంఠస్థము చేయును. అంతలో ఒక పాత్ర పగిలి దాని స్థానమున వేరొకటి వచ్చినదని, విషము కూడ చోటు మారినదని గ్రిసెల్డాయే వచ్చి చెప్పును. పాత వాక్యము నోటికి వచ్చినది, అర్థము తలక్రిందులైనది. మరల మొదటి నుండి వల్లె. ఈ రహస్యము గ్రిస్‌వోల్డ్ చెవిని కూడ పడగా అతడును వల్లెవేయుచు రంగమునకు వచ్చును. పిడుగు పడి అయస్కాంతమైన కవచము హాకిన్స్‌ను శత్రువు వైపు లాగుచుండగా, ఒకరికొకరు అంటుకొని, పెనుగులాడుచు, పెదవులతో అదే వాక్యమును జపించుచు రాజు ముందునకు నడచు ఆ ఇద్దరిని చూచి పాఠశాలలో వల్లెవేసిన అనుభవము గలవారు నవ్వినంతగ ఇతరులు నవ్వలేరు. అనుప్రాసము శబ్దాలంకారమని, అర్థమునకు బాహ్యమని లెక్కకట్టుదుము. ఇచ్చట ప్రాణము నిలుచుట, పోవుట అనుప్రాసము మీదనే ఆధారపడియున్నది. పాత్ర మారిన పిదప పాత వాక్యమును వల్లించువాని గతి యేమగునో విదూషక లక్షణమును ఏటేట మార్పు లేక వల్లె వేయించు ఉపాధ్యాయులు ఒకసారి చూడదగును.

వీరము హాస్యముగ మారుట ఈ చిత్రమున మరియొక విశేషము. శృంగారమును అనుకరించుట వలన హాస్యము పుట్టునని భరతుని మాట. అభినవగుప్తుడు దానిని విస్తరించి, ఏ రసమునకైనను ఆభాస కలిగినచోట హాస్యము పుట్టగలదని వ్యాఖ్యానించినాడు. ఆ వ్యాఖ్యకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకుట కష్టము. రేవన్‌హర్స్ట్ వేషము ధరించిన బేసిల్ రాత్‌బోన్, ఖడ్గవిద్యలో నిజముగ ఆరితేరిన నటుడు. 1938 నాటి రాబిన్ హుడ్ చిత్రమున, 1940 నాటి ‘ది మార్క్ ఆఫ్ జోరో’లో ప్రతినాయకుడై తీవ్రమైన ఖడ్గయుద్ధములు చేసినాడు. జోరో చిత్రమున వెలుగుచున్న కొవ్వొత్తిని కత్తితో ఖండించు పందెము కలదు. ‘ది కోర్ట్ జెస్టర్’లో అదే కొవ్వొత్తుల ఘట్టము, అదే నటుని యెదుట, పరిహాసముగ మరల వచ్చును. హాకిన్స్ కత్తి విసరును, కొవ్వొత్తులు కదలవు, రేవన్‌హర్స్ట్ గేలి చేయును, హాకిన్స్ ఊదగానే తెగిన కొనలన్నియు ఒక్కసారి రాలిపడును. అరువదేండ్ల వయసున ఆ నటుడు తన యౌవనపు వీరమునకు తానే ఆభాసయై నిలుచుటకు అంగీకరించినాడు. అందుకు గొప్ప మనసు కావలయును.

ఆ యుద్ధమున హాకిన్స్‌ను గ్రిసెల్డా వశీకరించియుండును. వ్రేళ్లు చిటికె వేసినచో అతడు అజేయుడైన ఖడ్గవీరుడు. మరల చిటికె వేసినచో పిరికి హాకిన్స్. చిటికె ఎవరు వేసినను చెల్లును. శత్రువే తెలియక చిటికె వేసి తన చావును తెచ్చుకొనును. ఈ మార్పిడిని చూచినప్పుడు భగవదజ్జుకము జ్ఞప్తికి వచ్చును. సన్న్యాసి ప్రాణము గణిక దేహమున, గణిక ప్రాణము సన్న్యాసి దేహమున చేరగా, గణిక వేదాంతమును, సన్న్యాసి విలాసములను ప్రకటించు ఆ ప్రహసనము వ్రాసిన కవి ఈ చిటికెల యుద్ధమును మెచ్చుకొనియుండును. అయితే ప్రహసనమున మార్పిడి యోగబలముచే, యమభటుని పొరపాటుచే జరుగును; దాని వెనుక ఒక తత్త్వవిచారము కలదు. చిత్రమున అట్టి లోతు లేదు. చిటికె చిటికెయే.

అసలు చెప్పవలసిన విషయము ఇది. లక్షణకర్తలు నాటికను, ప్రహసనమును వేరుచేసినారు. నాటికలో శృంగారము అంగి, నాయకుడు ధీరలలితుడైన రాజు. ప్రహసనమున హాస్యము అంగి, పాత్రలు హీనులు. విదూషకుడు నాటికలో రాజునకు నర్మసచివుడే తప్ప ఫలభోక్త కాడు. మాళవికాగ్నిమిత్రమున కార్యమంతయు ఎవరిది? మాళవికను రాజు కంటబడునట్లు చేసినవాడు గౌతముడు. ధారిణి ఆమెను చెరలో పెట్టినప్పుడు మొగలిముల్లుతో వ్రేలు గ్రుచ్చుకొని, పాము కరచినదని నేల మీద పొరలి, విషచికిత్స నెపమున దేవి సర్పముద్రికను తెప్పించి, దానితో చెర విడిపించినవాడు గౌతముడు. కోట తాళపుచెవికై హాకిన్స్ పడిన పాట్లకు ఇది పదునైదు వందల యేండ్ల నాటి పూర్వరూపమనవచ్చును. ఇంత చేసిన గౌతమునకు దక్కిన ఫలమేది? నిద్రలో పలవరించి రహస్యము బయటపెట్టగా, పామువలె వంకరయైన కఱ్ఱ మీద పడి ఉలికిపడుట. మాళవిక అగ్నిమిత్రునికి దక్కెను. అగ్నిమిత్రుడు చేసిన పని నిట్టూర్చుట.

ఫలము కార్యము చేసినవానికే దక్కవలయునని ‘ది కోర్ట్ జెస్టర్’ అడుగుచున్నది. నల్లనక్క ధీరోదాత్తుడే, రూపవంతుడే. కాని కథలో అతడు కోట వెలుపల నిలిచియుండును. జీన్ అతనిని వరింపలేదు. శిశువునకు జోలపాట పాడినవానిని, వర్షపు రాత్రి తనకు వీరత్వము లేదని సిగ్గుపడినవానిని వరించినది. ఆమె ముగ్ధ కాదు. దెబ్బకు మగవానిని పడగొట్టగలది. కత్తి ఆమెకు వచ్చును గనుక ప్రియునిలో ఆమె వెదకినది కత్తి కాదు, మార్దవము. శృంగారమునకు ఇట్టి ఆలంబనమును లక్షణకర్తలు లెక్కింపలేదు. హాస్యగాని యందు రతి ఎట్లు నిలుచును, ఆభాస కాదా యని శంకింపవచ్చును. చిత్రమును చూచినవాడు ఆ శంకను ఎత్తడు. జీన్ అతని మాటకు నవ్వునే కాని అతనిని చూచి నవ్వదు. ఈ భేదమును గ్రహించినచో స్మితమునకు, ఉపహసితమునకు గల అంతరము విద్యార్థికి వేరుగ చెప్పనక్కరలేదు.

విదూషకుని విస్తరించు దారి మన దేశమున లేకపోలేదు. 2001లో యునెస్కో మానవజాతి వారసత్వముగ ప్రకటించిన కేరళపు కూడియాట్టమున చాక్యార్ విదూషకుడై రంగమెక్కినచో దినముల తరబడి అతనిదే రాజ్యము. ప్రేక్షకుల భాషలో అర్థము చెప్పును, పురుషార్థములను వెక్కిరించును, సభలోని పెద్దలను సైతము విడువడు. పుస్తకమున నాలుగు వాక్యములుగ కనబడు పాత్ర ప్రయోగమున అంతటి దగును. తెలుగుదేశమున తెనాలి రామకృష్ణుని కథలను జనులు అల్లుకొన్నది కూడ ఈ ఆశచేతనే కాబోలు. ‘ది కోర్ట్ జెస్టర్’ వచ్చిన 1956లోనే బి. ఎస్. రంగా దర్శకత్వమున తెలుగు ‘తెనాలి రామకృష్ణ’ వచ్చుటయు, అందు రాయలు కాక వికటకవియే కథానాయకుడగుటయు కాకతాళీయమే గాని ముచ్చటైన కాకతాళీయము. పాండురంగ మాహాత్మ్యము వ్రాసిన ప్రౌఢకవిని జనులు విదూషకునిగ చేసికొనుట పండితులకు కష్టము కలిగించినను, రాజసభలో తమ పక్షమున నవ్వగలవాడొకడు వారికి కావలసియుండెను.

ఇంతమాత్రముచే చిత్రము నిర్దోషమని చెప్పరాదు. ధనంజయుడు రంగమున ప్రత్యక్షముగ చూపరాదని నిషేధించిన వానిలో దూరప్రయాణము, వధ, యుద్ధము, రాజ్యవిప్లవము, కోట ముట్టడి, భోజనము ఉన్నవి. ఈ చిత్రము ఆరింటిని చూపినది! కడమవానిని క్షమింపవచ్చును. వధను క్షమించుట కష్టము. ముగ్గురు ప్రభువులు విషముచే విందులో కూలుదురు, ఒక్కరును దుఃఖింపరు, ప్రేక్షకుడు నవ్వవలయును. వారు దుష్టులని గాని, ప్రజలను పీడించిరని గాని కథలో చూపలేదు. రేవన్‌హర్స్ట్‌కు అడ్డువచ్చినారు, అంతే. చావునకు నవ్వుమని అడిగినచోట హాస్యము తన మర్యాదను దాటినది. కాళిదాసు పరిహాసమునకు మూల్యము కట్టుట ఎరుగును. శకుంతలను గూర్చి చెప్పినదెల్ల వట్టి పరిహాసమని దుష్యంతుడు మాధవ్యునితో పలికెను, మాధవ్యుడు నమ్మెను, కావుననే తరువాత అతడు రాజునకు ఏమియు గుర్తు చేయలేదు. ఒక్క వేళాకోళపు మాట ఆరవ అంకమంతటి దుఃఖమునకు తోడ్పడినది. ఈ గాంభీర్యము పనామా, ఫ్రాంక్‌లకు అందలేదు.

రాకుమారి పాత్ర మరియొక కొరత. ఏంజెలా లాన్స్‌బరీ నటన చక్కనిదే. కాని గ్వెండొలిన్ కథకు పనిముట్టు మాత్రమే. హాకిన్స్ ప్రేమించినది ఆమెను కాదని తెలిసిన పిదప ఆమె హృదయమేమైనది? చివరకు గ్రిస్‌వోల్డ్ ప్రక్కన నిలుచునట్లు చేసి ముగించిరి. హర్షుడు వాసవదత్తను ఇట్లు విడువలేదు. ఆమె కోపమునకు కారణమున్నది, పశ్చాత్తాపమునకు కారణమున్నది. కడపట సాగరికను చెల్లెలిగ గుర్తించి తానే రాజు చేతికి అప్పగించును. ధారిణియు అంతే. ఓడిన స్త్రీ చేతి మీదుగ ఫలము నాయకునికి అందుట నాటిక సాధించిన మర్యాద. హాలీవుడ్‌వారు దీనిని నేర్చుకొనవచ్చును.

ఒక విషయమున మాత్రము హర్షునిపై చిత్రమునకే విజయము. రత్నావళి రెండవ అంకమున కోతి గొలుసు తెంచుకొని రాజభవనమున పడగా, అంతఃపురపు మరుగుజ్జు భయముతో కంచుకి అంగీలో దూరును. సభ నవ్వును. శ్లోకము రమ్యము, నవ్వు మాత్రము బలహీనుని మీదిది. ‘ది కోర్ట్ జెస్టర్’లో పెద్దవారు దూరలేని సొరంగమార్గమున హాకిన్స్‌కు పూర్వస్నేహితులైన సంత వినోదకులు, మరుగుజ్జులు, ప్రవేశించి కోటను పట్టుకొందురు. దీర్ఘకాయులైన భటులను చుట్టుముట్టి, యంత్రములకెక్కించి సముద్రమున విసరుదురు. అచ్చట నవ్వించినది మరుగుజ్జు కాదు, భటుడు. మాళవికాగ్నిమిత్రమును, రత్నావళిని పాఠము చెప్పువారు ఈ రెండు ఘట్టములను ప్రక్కప్రక్కన పెట్టి, ఎవరిని చూచి నవ్వుచున్నాము, ఎందుకు నవ్వుచున్నామని విద్యార్థులను అడిగినచో, ఆరువిధముల హాస్యభేదములను ఉత్తమ మధ్యమాధమ క్రమమున అప్పగించుకొనుట కంటె అది మేలైన పాఠమగును. అడుగు ముందు ఉపాధ్యాయుడు ఒకసారి నవ్వి చూపవలసియుండును. దానికి మాత్రము ఏ పాఠ్యప్రణాళికయు అడ్డుచెప్పదు.

నిర్వహణమున అభిజ్ఞానము కావలసినదే గదా. శాకుంతలమున ఉంగరము, రత్నావళిలో రత్నమాల. ఇచ్చట రేవన్‌హర్స్ట్ సముద్రమున పడిన పిదప గ్రిస్‌వోల్డ్ సైన్యముతో కోటకు తిరిగి వచ్చును. హాకిన్స్ శిశువును ఎత్తి, వీపు త్రిప్పి, వస్త్రము తొలగించి పుట్టుమచ్చను చూపును. కవచధారియైన గ్రిస్‌వోల్డ్ మోకరిల్లును. సైనికులు మోకరిల్లుదురు. కోటలోని వారందరును మోకరిల్లుదురు. ఏమియు తెలియని శిశువు, చేయి జారనీయక ఎత్తుకొన్న విదూషకుడు, ఇద్దరు మాత్రమే నిలిచియుండగా, భరతవాక్యమునకు బదులు హాకిన్స్ పాట ఎత్తుకొనును.